కణాల పెరుగుదలకు కళ్లెం వేసే మందులు: ఆకు నుంచి వచ్చినవి, ల్యాబ్‌లో పుట్టినవి

కీళ్లవాతంతో వేళ్లు వాచిపోయిన ఒక పెద్దావిడ. సికిల్ సెల్ జబ్బు వల్ల వచ్చే నొప్పులతో తరచూ ఆసుపత్రిలో చేరే ఒక కుర్రాడు. రక్త క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న ఒక పాప. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్న ఒక రిటైర్డ్ ఉక్కు కార్మికుడు. ఈ నలుగురి జబ్బులకూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. కానీ వారికి ఇచ్చే మందుల్లో ఒక పోలిక ఉంది. ఇవన్నీ కణాల పెరుగుదలను ఆపేవో, నెమ్మదింపజేసేవో.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో, వైశాలి నగర్ లాంటి కాలనీలో ఇలాంటి నలుగురూ ఒకే వీధిలో ఉన్నా ఆశ్చర్యం లేదు. 1950ల చివర్లో ఇక్కడ ఉక్కు ఉత్పత్తి మొదలైన నాటి నుంచీ పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో మొదటి తరం ఇప్పుడు కీళ్లు, గుండె, క్యాన్సర్ మందుల వయసుకు చేరింది. ఛత్తీస్‌గఢ్ అంతా సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. పైగా ఇక్కడి తెలుగు ఇంట్లో మందు చీటీ ఇంగ్లిష్‌లో ఉంటుంది, డాక్టర్ హిందీలో చెబుతారు, వాడే మనిషి తెలుగులో అర్థం చేసుకుంటారు. ఈ రకం మందుల విషయంలో ఒక్క మాట అటూ ఇటూ అయినా ప్రాణం మీదకు రావచ్చు.

అసలు ఈ పదార్థాలు ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చాయి? ఏవి ప్రకృతి ఇచ్చినవి, ఏవి మనిషి తయారు చేసినవి? ఆ తేడాకు ఎంత విలువ ఇవ్వాలి?

కణాన్ని ఎక్కడ ఆపుతారు?

ఒక కణం రెండుగా మారాలంటే కొన్ని దశలు దాటాలి. ముందు అది సైజు పెరగాలి. తర్వాత తన డీఎన్‌ఏకు నకలు రాసుకోవాలి. ఆ నకలులో తప్పులు లేవని సరిచూసుకోవాలి. చివరికి రెండు భాగాలనూ చెరో వైపుకు లాగి, మధ్యలో గోడ కట్టి విడిపోవాలి. ఈ చక్రాన్ని నడిపే ప్రొటీన్లను గుర్తించినందుకే 2001లో లేలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

పెరుగుదలను ఆపే మందులన్నీ ఈ చక్రంలో ఏదో ఒక చోట పుల్ల పెడతాయి. కొన్ని డీఎన్‌ఏకు కావాల్సిన ముడిసరుకు అందకుండా చేస్తాయి. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీయూరియా ఈ కోవలోవి. కొన్ని డీఎన్‌ఏ పోగులకే అతుక్కుని అవి విడివడకుండా చేస్తాయి. సిస్‌ప్లాటిన్, సైక్లోఫాస్ఫమైడ్ అలాంటివి. కొన్ని, డీఎన్‌ఏ భాగాలను రెండు వైపులకు లాగే సన్నని తాళ్లను పాడుచేస్తాయి. విన్‌క్రిస్టీన్, పాక్లిటాక్సెల్ చేసే పని అదే. ఇంకొన్ని, కణానికి ‘పెరుగు’ అని చెప్పే సంకేతాన్నే అడ్డుకుంటాయి. ఇమాటినిబ్, సిరోలిమస్ ఈ రకానివి.

చిక్కు ఎక్కడంటే, మన ఒంట్లో వేగంగా పెరిగేవి క్యాన్సర్ కణాలు మాత్రమే కావు. ఎముక మజ్జలో రక్తకణాలు, నోటి లోపలి పొర, పేగుల పొర, వెంట్రుకల కుదుళ్లు నిత్యం విభజన చెందుతూనే ఉంటాయి. కీమోథెరపీలో జుట్టు రాలడం, నోటిపూత, విరేచనాలు, తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్లు రావడం ఇందుకే. కాబట్టి ఈ మందుల చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: చెడ్డ కణాన్ని ఆపుతూ మంచి కణాన్ని బతకనివ్వడం ఎలా? దానికి దొరికిన జవాబులు మూడు: ఏ కణం మీద, ఎంత మోతాదులో, ఎన్ని రోజులకు ఒకసారి.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఈ కథలో తొలి అధ్యాయాల్లో ఒకటి తెలుగువాడిది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించిపోయే జబ్బు అది. సుబ్బారావుకూ వచ్చి తగ్గింది. 1922లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీదా పనిచేశారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు.

అక్కడ ఆయన బృందం చేపట్టిన పనుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దీని మొదలు కూడా మన దేశంలోనే ఉంది. బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1930 ప్రాంతంలో బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారంతో అది తగ్గుతోందని గుర్తించారు. ఆ సారంలో పనిచేసిన పదార్థం ఫోలేట్ అని తర్వాత తేలింది. ఆకుకూరల్లో ఉండే ఈ విటమిన్ లేకపోతే కణాలు డీఎన్‌ఏ తయారు చేసుకోలేవు. స్ప్రూకు, ఆ రకం రక్తహీనతకు అది మందు అయింది. 1940ల మధ్యలో లెడర్లీ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది.

అప్పుడే బోస్టన్‌లో పిల్లల వైద్య నిపుణుడు సిడ్నీ ఫార్బర్ ఒక సంగతి గమనించారు. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం రకాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఊపందుకుంటోంది. ఫోలేట్ పెరుగుదలకు ఆజ్యం పోస్తున్నదంటే, దాన్ని అడ్డుకుంటే పెరుగుదల ఆగాలి కదా? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం అణువును కొద్దిగా మార్చి నకిలీలను తయారు చేసింది. అవి తాళంలో దూరతాయి, తిరగవు. అసలు తాళంచెవికి చోటు ఇవ్వవు. అలాంటి నకిలీల్లో ఒకటి అమినోప్టెరిన్.

1948 జూన్‌లో ఫార్బర్ బృందం తమ ఫలితాలను ప్రచురించింది. 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమే. కొన్ని నెలల తర్వాత జబ్బు తిరగబెట్టింది. అయినా అంతవరకూ వారాల్లో ప్రాణం తీసే జబ్బును ఒక రసాయనంతో వెనక్కు నెట్టవచ్చని తేలడం అదే మొదలు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53వ ఏట కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ దాని స్థానాన్ని తీసుకుంది. 1956లో అమెరికాలో మిన్ చు లీ, రాయ్ హెర్ట్జ్ గర్భసంచిలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను ఒక్క మెథోట్రెక్సేట్‌తోనే నయం చేయవచ్చని చూపించారు. ఇవాళ సంపన్న దేశాల్లో పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా 10 మందిలో సుమారు 9 మందికి నయమవుతోంది. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

పెరట్లో బిళ్లగన్నేరు

ఆ పిల్లల చికిత్సలోనే వాడే మరో మందు మన పెరట్లోని పూల మొక్కలో ఉంది. బిళ్లగన్నేరు సొంత ఊరు మడగాస్కర్. ఇప్పుడు ఉష్ణదేశాలన్నిటా పెరుగుతుంది. దాని ఆకుల కషాయం మధుమేహానికి మంచిదన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. 1952లో జమైకా నుంచి ఆ ఆకులు కెనడాకు చేరాయి. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ వాటి సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు. తెల్లకణాలు మాత్రం పడిపోయాయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి. తెల్లకణాలను ఇంతగా తగ్గించేది తెల్లకణాల క్యాన్సర్‌కు మందు ఎందుకు కాకూడదు? నోబుల్, చార్లెస్ బీర్ కలిసి ఆ ఆకుల నుంచి విన్‌బ్లాస్టీన్‌ను వేరు చేశారు. అమెరికాలో ఎలి లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు విన్‌క్రిస్టీన్‌ను వెలికి తీశారు. 1963లో అది మందుగా వచ్చింది.

ఈ కథలో గుర్తుంచుకోవాల్సింది రెండు విషయాలు. ఒకటి, ఒక్క గ్రాము మందు కోసం వందల కిలోల ఎండుటాకులు కావాలి. కాబట్టి ఇంట్లో కాచిన కషాయం క్యాన్సర్ మందు కాజాలదు. రెండు, అసలు మందు ఎంత తీవ్రమైనదంటే నరంలోకే, కొలత ప్రకారమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణాంతకం.

మొక్కల నుంచి వచ్చినవి ఇంకా ఉన్నాయి. అమెరికా పశ్చిమ తీరంలోని యూ చెట్టు బెరడు నుంచి మన్రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాణీ కలిసి టాక్సాల్‌ను వేరు చేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. వీరిద్దరే అంతకు ముందు 1966లో ఒక చైనా చెట్టు నుంచి కాంప్టోథెసిన్‌ను కనుగొన్నారు. మన అడవుల్లో, కంచెల మీద ఎర్రగా మంటలా పూసే అగ్నిశిఖ దుంపలో, గింజల్లో కొల్చిసిన్ ఉంటుంది. గౌట్ నొప్పికి అతి కొద్ది మోతాదులో అది మందు. దుంప తింటే మాత్రం మనిషి చచ్చిపోవచ్చు. అదే కొల్చిసిన్ కణ విభజనను నడిమధ్యలో ఆపేస్తుంది కాబట్టి, క్రోమోజోములను లెక్కించే ప్రయోగశాలల్లోనూ, మొక్కల్లో క్రోమోజోములను రెట్టింపు చేసే వంగడాల పరిశోధనల్లోనూ దాన్ని వాడతారు.

యుద్ధం, ప్లాటినం, పాత రసాయనం

ఇక మనిషి తయారు చేసినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో మస్టర్డ్ గ్యాస్ బారిన పడిన సైనికుల్లో తెల్లకణాలు పడిపోయినట్టు వైద్యులు గమనించారు. ఆ విషానికి బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లూయీ గుడ్‌మన్, ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ లింఫోమా రోగికి ఇప్పించారు. యుద్ధ రహస్యం కావడంతో 1946 దాకా ఆ సంగతి బయటికి రాలేదు. సైక్లోఫాస్ఫమైడ్ ఆ వంశంలోదే.

1965లో మిషిగన్‌లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావాన్ని పరీక్షిస్తున్నారు. బ్యాక్టీరియా విడిపోవడం మానేసి పొడవుగా సాగిపోయాయి. కారణం కరెంటు కాదు. ప్లాటినం ఎలక్ట్రోడ్ల నుంచి కరిగి వచ్చిన లోహ సమ్మేళనం. అదే సిస్‌ప్లాటిన్. 1978లో అమెరికాలో అనుమతి పొందింది. వృషణాల క్యాన్సర్‌ను చాలామందిలో నయం చేయగలిగింది.

ఛత్తీస్‌గఢ్‌కు అన్నిటికంటే దగ్గరిది మాత్రం హైడ్రాక్సీయూరియా. 1869లో జర్మనీలో తయారైన చిన్న అణువు ఇది. దాదాపు వందేళ్ల దాకా దానికి వైద్యంలో పని పడలేదు. తర్వాత రక్త క్యాన్సర్‌కు వాడారు. డీఎన్‌ఏకు కావాల్సిన ముడిసరుకును తయారు చేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది. దీన్ని వాడినవారిలో ఒక అదనపు ఫలితం కనిపించింది. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డకు ఉండే హీమోగ్లోబిన్ మళ్లీ పెరుగుతోంది.

సికిల్ సెల్ జబ్బులో హీమోగ్లోబిన్ లోపం వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పి, రక్తహీనత వస్తాయి. అవయవాలు దెబ్బతింటాయి. గర్భస్థ హీమోగ్లోబిన్ పెరిగితే కణాలు వంగడం తగ్గుతుంది. 299 మంది పెద్దలతో అమెరికాలో జరిగిన పరీక్షను 1995లో గడువుకు ముందే ఆపేశారు. కారణం, హైడ్రాక్సీయూరియా తీసుకున్నవారిలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. మిగతావారికి ఇవ్వకుండా ఉండటం అన్యాయమని భావించారు. 1998లో ఈ జబ్బుకు అక్కడ అనుమతి వచ్చింది.

మన దేశంలో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. 2047 నాటికి జబ్బును నిర్మూలించడం లక్ష్యం. దీని కింద ఉన్న 17 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ ఉన్నాయి. పరీక్ష చేసి కార్డు ఇవ్వడంతో పని అయిపోదు. జబ్బు ఉన్నవారికి మందు క్రమంగా అందాలి, రక్త పరీక్షలు వేళకు జరగాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మరీ పడిపోకుండా చూసుకుంటూ మోతాదు సరిచేయాలి. ఇది ‘క్యాన్సర్ మందు’ అన్న భయంతో మానేస్తే నొప్పులు తిరిగొస్తాయి. పరీక్షలు లేకుండా వాడితే ఇన్ఫెక్షన్ల ముప్పు. రెండూ నష్టమే.

సహజమైతే మంచిదా?

‘మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదు, ఫ్యాక్టరీలో తయారైంది కాబట్టి విషం’ అన్న మాట మనలో బలంగా ఉంది. పై కథలు చూస్తే ఆ గీత నిలవదు. విన్‌క్రిస్టీన్ ఆకులోనే పుట్టింది, నరాలను దెబ్బతీయగలదు. హైడ్రాక్సీయూరియా ల్యాబ్‌లో పుట్టింది, సరైన పర్యవేక్షణలో ఏళ్ల తరబడి వాడదగింది. కొన్ని మందులు రెండింటికీ చెందుతాయి. యూ చెట్టు ఆకుల్లోని పదార్థానికి రసాయన మార్పు చేస్తే డోసిటాక్సెల్ వచ్చింది. బెరడు వలిస్తే చెట్టు చనిపోయేది, ఆకులు కోస్తే మళ్లీ వస్తాయి. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి భారతీయ మూలాలున్న సురేన్ సెహగల్ బృందం కెనడాలో వెలికి తీసిన సిరోలిమస్ ఇవాళ మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా కాపాడుతోంది. స్టెంట్ల మీద పూతగానూ, రక్తనాళం గోడ కణాలు పెరిగి దారి మళ్లీ మూసుకుపోకుండా ఆపుతోంది.

లక్ష్మణఫలం ఆకులు, పసుపు క్యాన్సర్‌ను కరిగిస్తాయన్న సందేశాలు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. వాటి వెనక నిజం ఇంతే: వాటిలోని పదార్థాలు ప్రయోగశాల గిన్నెలో క్యాన్సర్ కణాలను ఆపాయి. ఆ గిన్నెలో ఉప్పు ఎక్కువ వేసినా కణాలు ఆగుతాయి. మనిషి ఒంట్లో ఆ పదార్థం రక్తంలోకి చేరాలి, కణితిని చేరాలి, మిగతా కణాలను వదిలేయాలి. పసుపులోని కర్‌క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. లక్ష్మణఫలాన్ని, దాని ఆకుల టీని ఎక్కువగా వాడే కరీబియన్ ద్వీపం గ్వాడెలూప్‌లో, పార్కిన్‌సన్స్‌ను పోలిన నరాల జబ్బుకు దానితో సంబంధం ఉండవచ్చని 1999లో పరిశోధకులు హెచ్చరించారు. పండు తినడం వేరు, మందు మానేసి కషాయం తాగడం వేరు. నయమయ్యే దశలో ఉన్న క్యాన్సర్ ఆ కొద్ది నెలల్లోనే చేయి దాటిపోవచ్చు.

‘వారం’ అంటే ఎన్ని రోజులు?

సుబ్బారావు బృందం తెరిచిన దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు క్యాన్సర్ కంటే కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఎక్కువమంది వాడుతున్నారు. ఈ జబ్బులకు మోతాదు చాలా తక్కువ, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. అదీ వారానికి ఒక్కసారి. ఆ మోతాదులో అది అదుపు తప్పిన రోగనిరోధక కణాలను శాంతింపజేస్తుంది. మిగతా ఆరు రోజులూ మజ్జ, నోటి పొర, పేగులు కోలుకోవడానికి.

రోజూ వేసుకుంటే ఆ విరామం ఉండదు. మందు కణాల్లో పేరుకుపోతుంది. నోటినిండా పుండ్లు, జ్వరం, రక్తస్రావం, చివరికి ప్రాణాపాయం. ప్రపంచమంతటా ఈ పొరపాటు జరుగుతూనే ఉంది. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీని మీద ప్రత్యేక జాగ్రత్తలు సూచించాల్సి వచ్చింది.

తెలుగులో ఈ పొరపాటుకు ఇంకో దారి ఉంది. ‘వారం’ అంటే ఏడు రోజులు. సోమవారం అన్నప్పుడు ‘వారం’ అంటే రోజు. ‘వారానికోసారి’ అన్నది హడావిడిలో ‘వారం రోజులు’గా చెవిన పడవచ్చు. భిలాయ్ లాంటి చోట డాక్టర్ ‘హఫ్తే మే ఏక్ బార్’ అంటారు, కొడుకో కోడలో అనువదిస్తారు, చీటీ మీద ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు ఉంటాయి. పైగా అదే చీటీలో ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఉంటుంది. మెథోట్రెక్సేట్ అడ్డుకునే విటమిన్‌నే, దుష్ప్రభావాలు తగ్గించడానికి వేరే రోజుల్లో వేసుకోమంటారు. చాలా కంపెనీల తయారీలో రెండూ చిన్న పసుపు మాత్రలే. ఇంట్లో ఇంకొకరు హైడ్రాక్సీయూరియా వాడుతుంటే, అది సాధారణంగా రోజూ వేసుకునేది. ఒకే తరహా మందులు, లెక్కలు వేరు.

కాబట్టి ఈ జాగ్రత్తలు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

రోజును పేరు పెట్టి రాయించుకోండి. ‘వారానికి ఒకసారి’ అని కాదు, ‘ప్రతి ఆదివారం మాత్రమే’ అని. తెలుగులో అట్ట మీద రాసి పెట్టండి. ఫోలిక్ ఆమ్లం ఏ రోజో కూడా రాయండి.

మోతాదు మరిచిపోతే మరుసటిసారి రెట్టింపు వేసుకోవద్దు. డాక్టర్‌ను అడగండి.

రక్తకణాల లెక్క, కాలేయం, కిడ్నీ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించండి. మూత్రపిండాలు మందగించిన పెద్దవారిలో మామూలు మోతాదే ఎక్కువ కావచ్చు.

జ్వరం వచ్చిందని దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవద్దు. కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ కూడా ఫోలేట్ దారినే అడ్డుకుంటుంది. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే మజ్జ పనిచేయడం మానేయవచ్చు. మద్యం కాలేయాన్ని మరింత దెబ్బతీస్తుంది.

గర్భం దాల్చాలనుకునేవారు ముందే చెప్పాలి. మెథోట్రెక్సేట్ గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తుంది. ఇది మగవారైనా డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయమే.

నోటిపూత, జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద నల్లమచ్చలు, ఆగని పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తే మందు ఆపి, అట్టతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దీనికి ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఉంది. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు.

అందరికీ అందుతోందా?

కొత్త తరం మందులు మంచి కణాన్ని వీలైనంత వదిలి, చెడ్డ కణంలోని ఒక్క మీటను నొక్కుతాయి. 2001లో వచ్చిన ఇమాటినిబ్ క్రానిక్ మైలాయిడ్ లుకేమియాను రోజూ మాత్రతో అదుపులో ఉంచే జబ్బుగా మార్చింది. అడ్డంకి ధర. హైదరాబాద్ కంపెనీ నాట్కో దాని జనరిక్‌ను 2003లో తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ కోరికను తిరస్కరించింది. అంతకు ముందు ఏడాది మార్చిలో, కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌పై దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు నాట్కోకే దక్కింది. నెలకు సుమారు 2.80 లక్షల రూపాయల మందు తొమ్మిది వేల లోపుకు దిగింది.

మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీయూరియా లాంటి పాత మందులకు ఈ పేటెంట్ బెడద లేదు. రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. వాటికి కావాల్సింది రక్తపరీక్ష చేసే ల్యాబ్, అడిగితే విసుక్కోకుండా చెప్పే ఫార్మసిస్టు, వాడే మనిషికి అర్థమయ్యే భాషలో ఒక చీటీ. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త బృందం వేసిన దారిలో వచ్చిన మందు భిలాయ్‌లోని తెలుగు ఇంటికి చేరింది. దాన్ని ఎప్పుడు వేసుకోవాలో చెప్పే మాట కూడా తెలుగులో చేరాలి.